కిలో లెక్కా, పీసు లెక్కా

ఏలూరు నుంచి ఉత్తరంగా పది పన్నెండు కిలోమీటర్లు పోతే పెదవేగి. దారికి అటూ ఇటూ ఆయిల్‌పామ్ తోటలు. గెలలు వేసుకున్న ట్రాక్టర్లు ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ వైపు పోతుంటాయి. ఆయిల్‌పామ్ మీద దేశమంతటికీ పరిశోధన చేసే కేంద్ర సంస్థ కూడా ఈ ఊళ్లోనే ఉంది. చరిత్ర కోసం వచ్చేవాళ్లు వేరే. శాలంకాయనులకూ, తర్వాత తూర్పు చాళుక్యులకూ రాజధానిగా ఉన్న వేంగి ఇదేనని దిబ్బలు చూసి పోతారు. ఈసారి వచ్చిన ప్రయాణికుడు ఈ రెండు రకాల్లోనూ చేరడు. అతని సంచిలో ఒక టార్చి, ఇనప తీగల బ్రష్షు, అయస్కాంతం ముక్క, వెర్నియర్ కాలిపర్, అట్ట చినిగిన నోటుబుక్కు ఉన్నాయి. షెడ్లలో, పశువుల పాకల్లో, పాత ఇనప కొట్ల వెనకాల పడి ఉన్న కార్ల సామాను చూడ్డానికి వచ్చాడు. అందులోనూ అతని కన్ను వందల్లోనో, ఒకటి రెండు వేలల్లోనో మాత్రమే తయారై ఆగిపోయిన పాత స్పోర్ట్స్ కార్ల విడిభాగాల మీద.

పెదవేగిలో ఫెరారీ ఎక్కడిదని ఎవరైనా అడుగుతారు. లేదు. ఉంటుందని అతనూ అనుకోలేదు.

అయినా ఈ విద్య మొదలుపెట్టడానికి వేంగి తప్పుడు చోటేమీ కాదు. ఈ నేలను ఏలిన తూర్పు చాళుక్యుల రాగి శాసనాలను పండితులు ఎలా పరీక్షిస్తారో చూస్తే చాలు. రేకుల్ని కలిపే ఉంగరం, దానిమీద ముద్ర, ముద్రలో వరాహం, అంకుశం, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న అక్షరాలు. ఉంగరం తమ చేతికి వచ్చేనాటికి కోసి ఉందా, కోయకుండా ఉందా అన్నది కూడా పరిష్కర్తలు రాసి పెడతారు. కోసి ఉంటే రేకులు మారే వీలుందని అర్థం. శాసనంలో రాజు పేరు ఒక శతాబ్దానిది, లిపి మాత్రం రెండు మూడు వందల ఏళ్ల తర్వాతిది అయితే అది నకిలీ. పాత కారు సామాను చూసేవాడి పని కూడా అచ్చంగా ఇదే. నంబరు 1958 అంటుంది, అంకెల అచ్చు నిన్న మొన్నటిది. రేకు పాతది, దాన్ని బిగించిన రివెట్లు కొత్తవి.

సరే, ఫెరారీ లేని చోట ఏం దొరుకుతుంది? అంబాసిడర్ దొరుకుతుంది.

హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు మన రూపం. 2014 దాకా తయారైంది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజను బీఎంసీ కంపెనీ వారి 'బి సిరీస్' కుటుంబంలోది. అదే కుటుంబం ఇంజనును ఇంగ్లండులో 1955 నుంచి 1962 దాకా తయారైన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో పెట్టారు. సిలిండరు బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. రెండు ఇంజన్లకూ ఇవే కొలతలు. పెళ్లివారిని మోసిన బండికీ, బ్రిటిష్ కుర్రాళ్లు రేసుల్లో తోలిన బండికీ గుండెకాయ ఒక్కటే అన్నమాట. ఎంజీఏలు మొత్తం లక్ష పైచిలుకు తయారయ్యాయి కాబట్టి మామూలు ఎంజీఏ అరుదైనదేమీ కాదు. అందులో అరుదైనది ట్విన్ క్యామ్. 1958లో వచ్చి 1960లో ఆగిపోయింది. మొత్తం 2111 బండ్లు. ఛాసిస్ నంబర్లు 501తో మొదలై 2611తో ముగుస్తాయి, ముందు 'వైడీ' అన్న అక్షరాలుంటాయి. పిస్టన్లు కాలిపోతున్నాయని పేరు చెడి, కొనేవాళ్లు వెనక్కి తగ్గి ఆగిపోయిన బండి అది. అప్పుడు ముఖం తిప్పుకున్న లోకం ఇప్పుడు దాని హెడ్డు కోసం వెతుకుతోంది.

బీఎంసీ ఇంజను నంబరు చదవడం తెలిస్తే సగం పని అయినట్టే. మొదటి రెండంకెలు ఇంజను సైజు, తర్వాతి 'జీ' అంటే ఎంజీ, ఆ తర్వాతి అక్షరం రకం. 15జీబీ, 15జీడీ అని ఉంటే మామూలు ఎంజీఏ 1500. 16జీఏ అయితే 1600. 16జీబీ అని కనబడితే కాసేపు ఊపిరి బిగబట్టవచ్చు, అది ట్విన్ క్యామ్. అయితే ఈ నంబరు ఉండేది బ్లాకుకు రివెట్లతో బిగించిన చిన్న రేకు మీద. రేకు ఊడదీసి ఇంకో బ్లాకుకు కొట్టడం ఏ మేస్త్రికైనా పావుగంట పని. అందుకే రేకుతో ఆగకూడదు. బోరు కొలవాలి. ట్విన్ క్యామ్ ఇంజను 1588 సీసీ, బోరు 75.4 మిల్లీమీటర్లు. తర్వాత బ్లాకు మీద పోతలోనే వచ్చిన నంబరు చూడాలి. రేకు అబద్ధమాడవచ్చుగాని పోత నంబరు చేత అబద్ధమాడించడం కష్టం.

పెదవేగి చుట్టుపక్కల దొరికినవన్నీ మామూలు అంబాసిడర్ సామానే. ఒక షెడ్డులో గేర్‌బాక్సు, ఇంకోచోట రెండు హెడ్లు, వాటిలో ఒకటి పగిలింది. ప్రయాణికుడు బ్రష్షుతో తుప్పు రుద్ది, నంబర్లు రాసుకుని ఏలూరు దారి పట్టాడు.

ఏలూరులో తమ్మిలేరు దాటాక ఒక పాత ఇనప కొట్టు. ముందు ఖాళీ డ్రమ్ములు, సైకిలు రిమ్ములు. వెనక లారీ ఇరుసుల గుట్ట. గుట్టలో నల్లబడ్డ కార్బొరేటరు ఒకటి కనబడింది.

"ఏమండీ, ఇది అంబాసిడర్‌దేనా?"

"ఆయ్, అంబాసిడర్‌దేనండి. కిలో లెక్కన ఇచ్చేద్దావండి."

"దీనిమీద నంబరు ఒకసారి చూసుకోనా?"

"చూసుకోండి బాబుగారూ. చూశాక మాత్రం పీసు లెక్కండి."

పాత సామాను ధర ఎలా పుడుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. వస్తువు మారలేదు, బరువు మారలేదు. కొనేవాడు నంబరు అడిగాడు, అంతే. నంబరు అడిగేవాడికి ఏదో తెలుసన్నది కొట్టువాడికి తెలుసు. కాబట్టి తెలిసినవాళ్లు ముందు నంబరు అడగరు. గుట్టలోంచి నాలుగు వస్తువులు ఏరి పక్కన పెట్టి, అన్నిటికీ కలిపి బేరమాడతారు. న్యాయమా అంటే, బేరంలో న్యాయం ఎంతుండాలన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. ఈ ప్రయాణికుడికి మాత్రం ఉన్నది చెప్పి, పీసు లెక్కనే కొనడం అలవాటు. దానివల్ల నష్టమూ ఉంది, రెండోసారి అదే కొట్టుకు పోయే ధైర్యమూ ఉంది.

ఇంతకీ ఆ కార్బొరేటరు ఎస్‌యూ కంపెనీది. పాత ఎస్‌యూ కార్బొరేటర్లకు ఫ్లోటు చాంబరు మూత స్క్రూ కింద గోరంత లోహపు బిళ్ల ఒకటి ఉంటుంది. దానిమీద 'ఏయూసీ' అని, పక్కన అంకెలు. అది ఏ కారుకు, ఏ ఏటి మోడలుకు చేసిందో ఆ అంకెలే చెబుతాయి. మన మెకానిక్కులు కార్బొరేటరు విప్పినప్పుడు మొదట పోయేది ఆ బిళ్లే. ఈ కొట్టులోని దానికీ లేదు. ఇటాలియన్ వెబర్ కార్బొరేటర్లయితే రకం అంకెలు ఒంటిమీదే కొట్టి ఉంటాయి. 40 డీసీఓఈ అంటే బోరు 40 మిల్లీమీటర్లు. ఆ వెనక ఉండే అంకె అది ఏ కారుకు పోయిందో చెబుతుంది. 18 అని ఉంటే లోటస్ ఎలాన్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు వైపు చూడాలి. పాతవాటి మీద బొలోన్యా ఊరి పేరు ఉంటుంది, తయారీ తర్వాత స్పెయిన్‌కు పోయింది. బండి నడపడానికి రెండూ ఒకటే. 1963 నాటి కారును అసలు రూపం చూసే పోటీలో నిలబెట్టేవాడికి మాత్రం బొలోన్యా కావాలి, అందుకే ధరలో తేడా.

ధర కట్టడంలో ఇదే అసలు కిటుకు. ఒకే వస్తువుకు ఇద్దరు కొనేవాళ్లుంటారు. ఒకడికి బండి కదలాలి, ఇంకొకడికి బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజులా ఉండాలి. మొదటివాడి ధర డూప్లికేటు చేతిలో ఉంటుంది. ఎవరైనా ఆ భాగాన్ని మళ్లీ తయారుచేస్తే అంతకు మించి అతను ఇవ్వడు. ఇంగ్లండులో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988లో ఎంజీబీ కారు మొత్తం బాడీనే పాత అచ్చులతో మళ్లీ చేయడం మొదలుపెట్టింది. అలాంటివి బజార్లోకి వస్తే తుప్పు పట్టిన పాత రేకు కోసం వెంపర్లాడే అవసరం చాలామందికి తీరిపోతుంది. రెండోవాడి ధరకు అలాంటి హద్దు లేదు. లూకాస్ కంపెనీ డైనమోల మీద, డిస్ట్రిబ్యూటర్ల మీద నెల, ఏడాది అంకెలు కొట్టేది. జర్మన్ వీడీఓ మీటర్ల వెనకా తేదీ ఉంటుంది. కారు 1962 జూన్‌లో తయారైతే డైనమో మీద అదే ఏడాది మార్చో ఏప్రిలో ఉండాలి. ఆగస్టు ఉంటే అది తర్వాత మార్చిన ముక్క. పని బాగానే చేస్తుంది, ధర మాత్రం పడిపోతుంది.

పోర్షే 911 కరేరా ఆర్‌ఎస్ 2.7 సంగతి ఈ లోకంలో అందరికీ తెలిసిందే. రేసు నియమాల కోసం 1973 మోడలుగా 500 చేద్దామనుకున్నారు, గిరాకీ చూసి 1580 చేశారు. పల్చని రేకు, పల్చని అద్దం, ఇంజను రకం 911/83. మామూలు 911ను ఆర్‌ఎస్ వేషం వేయించడం సులువు కాబట్టి వేషాలు కోకొల్లలు. అసలుది గుర్తించడానికి రెక్కలూ రంగూ చూడరు, ఛాసిస్ నంబరు 911 360తో మొదలవుతోందా, ఇంజను నంబరు 663తో మొదలవుతోందా అని చూస్తారు. ఫెరారీలది ఇంకో ముచ్చట. పాతకాలం ఫెరారీల్లో రోడ్డు బండ్లకు బేసి నంబర్లు, రేసు బండ్లకు సరి నంబర్లు. 1962 నుంచి 1964 దాకా 36 మాత్రమే చేసిన 250 జీటీఓ పూర్తిగా రేసుకోసం పుట్టిందే అయినా బేసి నంబర్లు వేశారు, రోడ్డు కారు కిందే నమోదు చేయాలి కాబట్టి. 2018లో కాలిఫోర్నియా వేలంలో అలాంటి బండి ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది. దాని నంబరు 3413.

ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు కొల్లేటి మధ్యగా పోతుంది. గుర్రపుడెక్క, చేపల చెరువుల గట్లు, మేత బస్తాలు వేసుకున్న ట్రాలీలు, ఆటపాక దగ్గర గూడకొంగల గుంపులు. తమ్మిలేరూ బుడమేరూ రామిలేరూ తెచ్చి పోసే నీళ్లన్నీ ఇక్కడ నిలిచి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. పక్షులు చూసేవాళ్లకు స్వర్గం, పాత ఇనుముకు శత్రువు. ఈ తేమలో రెండు వానాకాలాలు వదిలేసిన రేకు చేతికి పొడిగా వస్తుంది.

కానీ ఈ నేల మనుషులకు అసలు సామాను పట్టే కన్ను ఎప్పటినుంచో ఉంది. నీళ్లు తోడే పాత డీజిలు ఇంజన్లే దానికి సాక్ష్యం. ఇంగ్లండులో డర్స్‌లీ ఊరి లిస్టర్ కంపెనీ 1930ల నుంచి చేసిన నిదానపు ఇంజనును రాజ్‌కోట్ కార్ఖానాలు అచ్చు దింపాయి. ఆ నకళ్లకు అమెరికాలోనూ అభిమానులున్నారు, వాటికి 'లిస్టరాయిడ్' అని ముద్దుపేరు. ఇత్తడి రేకు మీద ఊరి పేరు చూసి అసలుదీ నకలూ చెప్పే పెద్దాయన చేతికి వెబర్ కార్బొరేటరు ఇస్తే అరపూటలో పట్టు దొరికించుకుంటాడు.

కొల్లేటి గట్ల మీద ప్రయాణికుడికి గుర్తొచ్చింది మెగ్నీషియం. లంబోర్గిని మియురాలాంటి కార్లకు 'కాంపాన్యోలో' అనే కంపెనీవాళ్లు పోత పోసిన మెగ్నీషియం చక్రాలు వేసేవారు. అల్యూమినియం బరువులో దాదాపు మూడింట రెండొంతులే ఉంటుంది ఈ లోహం. అయస్కాంతం రెంటికీ అంటదు. తేడా చూడాలంటే చాటున ఒక గీత గీకి వినెగర్ చుక్క వేయాలి, మెగ్నీషియమైతే బుడగలు పొంగుతాయి. తేమ తగిలితే తెల్లటి పొడి రాలుతుంది, కంటికి ఆనని పగుళ్లు పడతాయి. రంగు ద్రావకం పూసి పగుళ్లు పరీక్షించకుండా అలాంటి చక్రం కారుకు బిగించడం ప్రాణాలతో చెలగాటం. ఇనప కొట్టు తక్కెడలో దీని రాత చూడండి. అన్నిటికంటే ఖరీదైన చక్రం అన్నిటికంటే తేలిక. కిలో లెక్కన అమ్మితే అన్నిటికంటే తక్కువ డబ్బులు వచ్చేది దానికే.

అదే మియురాకు హెడ్‌లైట్లు ఎక్కడివి? ఫియట్ 850 స్పైడర్ అనే చవక కారువి. 106 మాత్రమే తయారైన మెక్‌లారెన్ ఎఫ్1కు వెనక లైట్లు బోవా అనే డచ్చి బస్సువి. గొప్ప కార్ల చిన్న కంపెనీలు లైట్లూ హ్యాండిళ్లూ సొంతంగా చేసుకోలేవు, పెద్ద కంపెనీల గంపలోంచి ఏరుకుంటాయి. ఏ ముక్క ఎక్కడినుంచి ఏరారో తెలిసినవాడు బస్సు ధరకే కొంటాడు. తెలియనివాడు మెక్‌లారెన్ ధర ఇస్తాడు.

మన దక్షిణాదికి ఇందులో సొంత కథ ఉంది. మద్రాసు దగ్గర వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు చేసింది. నాలుగు తలుపుల హెరాల్డ్ ప్రపంచంలో అక్కడ తప్ప ఇంకెక్కడా పుట్టలేదు. ఆ కారు ముందు చక్రాన్ని పట్టి ఉంచే నిలువు ఉక్కు ముక్క, దాని అడుగున 'ట్రనియన్' అనే మరలున్న కంచు ముక్క. హెరాల్డ్‌ను రూపొందించిన ఇంగ్లండు ట్రయంఫ్ కంపెనీ వారి ఈ అమరికనే లోటస్ ఎలాన్‌లోనూ, ఇంకా చాలా బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలోనూ వాడుకున్నారు. హెరాల్డ్ చెత్తలో లోటస్ ముక్క ఉండవచ్చన్నమాట. అయితే ట్రనియన్‌కు గ్రీజు కాదు, గేరు ఆయిలు పెట్టాలి. గ్రీజు పెడితే మరల్లోకి దిగదు, లోపల తడి చేరి ఉక్కు తిని, ఒకరోజు చక్రం విరిగి పక్కకు ఒరుగుతుంది. కాబట్టి దొరికిన ముక్కను మరల దగ్గర పగులు చూడకుండా కొనకూడదు.

సరిగ్గా సరిపోయేట్టు కనబడి సరిపోనివీ ఉంటాయి. 1947 తర్వాత సుమారు 170 మాత్రమే చేసిన చిసితాలియా 202 అనే ఇటాలియన్ కారును న్యూయార్కు ఆధునిక కళల మ్యూజియం 1951లోనే ప్రదర్శనకు పెట్టింది. దాని ఇంజను ఫియట్ 1100ది, 1089 సీసీ, 68 బోరు, 75 స్ట్రోకు. మన ప్రీమియర్ పద్మినీకీ అవే అంకెలు. అంకెలు కలిశాయని పద్మినీ సామాను చిసితాలియాకు పడుతుందని ఎగిరి గంతేయకూడదు. మధ్యలో ఫియట్ ఆ ఇంజనును చాలాసార్లు దిద్దింది. నమూనా పక్కన పెట్టి కొలవకుండా డబ్బు తీయకూడదు.

ఉప్పుటేరు దాటి ఆకివీడు, భీమవరం మీదుగా తాడేపల్లిగూడెం. ఇక్కడ రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. యుద్ధం అయ్యాక సైన్యం వదిలేసిన జీపులు 'డిస్పోజల్' పేరుతో దేశమంతటా అమ్ముడయ్యాయి. ఆ జీపులు విల్లీస్ కంపెనీవి కొన్ని, అదే నమూనాతో ఫోర్డు చేసినవి కొన్ని. పైకి కవల పిల్లలు. ఫోర్డు మాత్రం తన జీపు సామాను మీద, చివరికి బోల్టు తలల మీద కూడా 'ఎఫ్' అక్షరం కొట్టించింది. ఇప్పుడు ఫోర్డు జీపు బాగుచేసేవాళ్లు ఎఫ్ ఉన్న బోల్టు కోసం ఊళ్లు తిరుగుతారు. మామూలు బోల్టు పది రూపాయల సరుకు. ఎఫ్ ఉంటే దానికి వేరే బజారు, వేరే బేరం.

అలాంటిదే ఇంకో యుద్ధకాలపు రన్‌వే మద్రాసు పక్కన షోలవరంలో ఉంది. దాన్ని రేసు ట్రాకుగా మార్చుకుని 1990లో శ్రీపెరంబుదూరు ట్రాకు వచ్చేదాకా దక్షిణాది రేసులు అక్కడే నడిపారు. ఆ తరంలో పేరు చెప్పాల్సిన మనిషి కోయంబత్తూరు తెలుగు కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్. వీధివీధినా తిరిగే మారుతీ 800 ఇంజనును వెనక పెట్టి 'ఫార్ములా మారుతీ' అనే ఒంటి సీటు రేసుకారు తయారుచేశాడు. అదే ఊరివాడు, తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్లిన నరైన్ కార్తికేయన్ రేసులు మొదలుపెట్టింది ఆ కార్లలోనే. 1995లో విమాన ప్రమాదంలో కరివర్ధన్ పోయాడు, అతని పేరుతో కోయంబత్తూరు దగ్గర ట్రాకు ఉంది. అదే ఊళ్లో జి.డి. నాయుడు కుటుంబం సేకరణతో 2015 నుంచి కార్ల మ్యూజియం నడుస్తోంది. నిజంగా అరుదైన భారతీయ రేసు సామాను కావాలంటే ఫెరారీ కలలు మాని ఫార్ములా మారుతీ చట్రాలూ, సస్పెన్షన్ ముక్కలూ వెతకాలి. ఇంజను ఏ మెకానిక్కు దగ్గరైనా దొరుకుతుంది, చట్రం దొరకదు.

తాడేపల్లిగూడెంలో ప్రయాణికుడి నోటుబుక్కులో చేరింది కొన్ని అంబాసిడర్ నంబర్లు, సంచిలో చేరింది రెండు జీపు బోల్టులు. బోల్టుల్లో ఒకదాని మీద ఎఫ్ ఉంది, రెండో దానిమీద ఉన్నది సుత్తి దెబ్బ.

పాత బండి ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక మాట. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నియమాలను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకు వింటేజ్ నమోదు ఇచ్చింది. నంబరులో 'వీఏ' అక్షరాలుంటాయి, రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలన్నది షరతు. కాబట్టి షెడ్డులోని అంబాసిడర్‌నో హెరాల్డ్‌నో తుక్కుకు వేసే ముందు ఆర్‌సీ బుక్కు వెతికి పెట్టండి. ఇంజను రేకునూ ఛాసిస్ నంబరునూ పోత నంబర్లనూ ఫోటో తీయండి. రంగు కొట్టించే మేస్త్రిని నంబర్ల మీద గ్రైండరు పెట్టనివ్వకండి. కార్బొరేటరు విప్పితే ఆ గోరంత బిళ్లను జేబులో వేసుకోండి. తక్కెడ దగ్గరికి వెళ్లాల్సి వస్తే, మొదట పీసు లెక్క అడగండి.